నాలుగు కన్నాల గుండీ

సంఘం అనగానే మీకు పొడుగాటి బల్ల, దాని వెనక నలుగురు పెద్దమనుషులు, గ్లాసుల్లో మంచినీళ్ళు గుర్తొస్తే ఆ బొమ్మను ఇప్పుడే చెరిపేసుకోండి. మిషనమ్మ పెట్టిన సంఘంలో పెద్ద కుర్చీ అన్నదే లేదు. సమావేశమంటే సభ్యులందరూ పిల్లల కుర్చీల్లోనే కూర్చోవాలి. మోకాళ్ళు వచ్చి గడ్డానికి ఆనేవి. లావుపాటి వాళ్ళు లేస్తే కుర్చీ కూడా వాళ్ళతోపాటే లేచేది. "పెద్ద కుర్చీ వేస్తే పెద్ద మాటలొస్తాయి. నడుము నొప్పెడితే ఎవరైనా రెండు ముక్కల్లో తేలుస్తారు" అనేది మిషనమ్మ. ఆమె అన్నట్టే అక్కడ ఎవరూ సాగదీసి మాట్లాడేవారు కాదు.

మిషనమ్మ అంటే కుట్టు మిషను మనిషి. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు, పిలవగా పిలవగా ఆమెకే అది కొత్తగా వినిపించేది. ఇక సంఘం పేరు చెప్పాలంటే ఊపిరి బిగబట్టుకోవాలి: శిశు విహార తల్లిదండ్రుల పరస్పర సహకార సంఘం. బోర్డులు రాసేవాడు గోడ పొడుగు చూసుకోకుండా మొదలెట్టాడు. 'సహకార' దగ్గరికి వచ్చేసరికి గోడ అయిపోయింది. 'సంఘం' తీసుకెళ్ళి తలుపు మీద రాశాడు. దాంతో తలుపు మూసి ఉన్నంతసేపే సంఘం కనబడేది, పొద్దున పిల్లలు వచ్చి తలుపు తీస్తే మాయమైపోయేది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని వీధివాళ్ళు నవ్వేవారు. మిషనమ్మ కూడా నవ్వేది, కానీ ఆ తలుపుకి ఇంకో రంగు మాత్రం వెయ్యనిచ్చేది కాదు.

అసలు ఆ గది పుట్టిందే ఆమె కూతురి గడ్డం మీది మచ్చలోంచి. అప్పట్లో ఆ వీధి చివర పెద్ద కుట్టు కంపెనీ ఉండేది. వీధిలో సగం మంది ఆడవాళ్ళు అందులోనే పని. పిల్లల్ని ఏం చేస్తారు? కొందరు గదిలో పెట్టి గొళ్ళెం వేసి వచ్చేవారు. మిషనమ్మ తన పిల్లని వెంట తెచ్చుకుని, నడుముకి గుడ్డపీలిక చుట్టి, రెండో కొస మిషను కాలికి కట్టేసేది. ఒకరోజు పిల్ల ఏ దారపు ఉండ కోసమో గుంజింది. మిషను ఒరిగి మీద పడింది. గడ్డం చీలింది. ఆ నెత్తురు చూసి మిషనమ్మ ఏడవలేదు. ఆమెకి చెప్పలేనంత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం, ముందు తన మీద. పిల్లని చంకనెత్తుకుని నేరుగా వెళ్ళి కంపెనీ వెనక పాడుబడ్డ గోడౌను తాళం పగలగొట్టింది. మర్నాడు తలుపుకి గొళ్ళెం వేసి వచ్చే తల్లులంతా పిల్లల్ని ఎత్తుకుని అక్కడికే వచ్చారు. చదువుకున్న అమ్మాయి ఒకతె టీచరమ్మగా కుదిరింది. బడి అంటే అంతే, సంఘం అంటే కూడా అంతే.

గోడౌను పైకప్పుకి రేకులు ఇచ్చినవాడు కాంట్రాక్టరు. కంపెనీకి పనివాళ్ళని కుదిర్చేదీ అతనే. రేకులు ఇచ్చిన చెయ్యి ఊరుకుంటుందా? బడికి శాశ్వత అధ్యక్షుడిగా తానే ఉంటానన్నాడు. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండన్నాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళందరి కూలీ అతని చేతిలోనే ఉంది. శవాలు లేచినట్టు ఒక్కొక్క చెయ్యే లేవసాగింది. అప్పుడు మిషనమ్మ లేచి నిలబడింది.

"ఇక్కడ లేస్తున్నవి చేతులు కాదయ్యా, భయాలు," అంది. "రేపు ఇదే వేళకి మళ్ళీ కూర్చుందాం."

మర్నాడు ఆమె ఒక గుడ్డ సంచి, ఒక రేకు డబ్బా తెచ్చింది. ఒక్కొక్కరి చేతిలో ఒక నల్ల గుండీ, ఒక తెల్ల గుండీ పెట్టింది. ఎలాంటివో కాదు, చొక్కాలకి కుట్టే మామూలు రెండు కన్నాల గుండీలు. మార్పు కావాలంటే నల్లది, ఉన్నది ఉన్నట్టు ఉండాలంటే తెల్లది పిడికిట్లో దాచుకుని సంచిలో వెయ్యాలి. రెండోది అలాగే పిడికిట్లోనే తీసుకెళ్ళి మూత పెట్టిన డబ్బాలో పడెయ్యాలి. లెక్కపెట్టే మనిషి సంచి పట్టుకుని వెనక వంటగదిలోకి వెళ్ళి చూసొచ్చి ఒక్క మాటే చెప్పాలి. అయింది, లేదా కాలేదు. ఎన్ని నల్లవి, ఎన్ని తెల్లవి అన్నది నోరు జారకూడదు. సంఖ్య తెలిస్తే మనుషుల్ని వెతుక్కుంటారు కదా. ఆ రోజు మిషనమ్మ వంటగదిలోంచి వచ్చి "కాలేదు" అంది. కాంట్రాక్టరు ముఖం చూడాలి. తిట్టాలని ఉంది, ఎవర్ని తిట్టాలో తెలియదు. ఆ సంఘం చరిత్రలో అంతకంటే మంచి రోజు లేదు, తర్వాత రాలేదు కూడా.

అప్పటినుంచి రెండు కట్టుబాట్లు పాతుకుపోయాయి. ఒకటి, అధ్యక్షుడంటే ఆ ఏడాదంతా సాయంత్రాలు గది ఊడ్చేవాడు. చీపురు పట్టాలని తెలిశాక పదవుల మీద ఆశ ఎవరికుంటుంది? రెండు, గదిలో పిల్ల కూర్చున్నంతకాలమే తల్లికో తండ్రికో గుండీ. పిల్ల పెద్దబడికి వెళ్ళిపోతే గుండీ కూడా పోయినట్టే. ఆ లెక్కన కూతురు పెద్దబడికి పోగానే మిషనమ్మ కూడా సంఘంలోంచి పోవాల్సిందే. కానీ "నీకిప్పుడు అటూ ఇటూ లేదు కాబట్టి లెక్కపెట్టే పని నువ్వే చెయ్యి" అని అందరూ ఆమెనే పెట్టారు. అలా ఓటు లేని మిషనమ్మ సంచి మోసే మనిషిగా మిగిలిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్నో సంగతులు ఆ సంచిలోంచి వచ్చాయి. టీచరమ్మని మార్చాలా వద్దా, మధ్యాహ్నం నిద్ర ఉండాలా వద్దా, కరిచే పిల్లాణ్ణి రానివ్వాలా వద్దా. ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. తనకి నచ్చనివి కూడా పళ్ళు నూరుకుంటూ చెప్పింది.

కాలం ఒక్కలా ఉంటుందా? కంపెనీ మూతపడింది, గోడౌను మాత్రం సంఘం చేతిలోనే ఉండిపోయింది. ఆడవాళ్ళు తలో పనికీ చెదిరిపోయారు, ఎవరికి వారే యమునా తీరే అయింది. మిషనమ్మ ఇంట్లోనే మిషను పెట్టుకుని చిరుగులూ జిప్పులూ చేసుకుంటోంది. కూతురు ఒక ఆసుపత్రిలో చీటీలు రాసే చోట కుదిరింది. అల్లుడు లారీ మీద తిరుగుతుంటాడు. మనవరాలు అదే గదిలో, తల్లి కూర్చున్న కుర్చీల్లోనే కూర్చుంటోంది. పొద్దున పిల్లని దింపడానికి వెళ్ళినప్పుడల్లా మిషనమ్మ గుమ్మంలో ఒక నిమిషం నిలబడేది. ఈ ఒక్క పని మాత్రం చేశాను అనుకునేది. ఆమె బతుకులో అలా అనుకోదగ్గది ఇంకొకటి లేదు, ఆ మాట ఆమె దాచుకోలేదు కూడా.

ఈ మధ్య వీధి మొదట్లో కొత్త బడి వచ్చింది. దానికి పసుప్పచ్చ వ్యాను ఉంది, గేటు దగ్గర టోపీ పెట్టుకున్న మనిషి ఉన్నాడు, పిల్లలకి యూనిఫారం ఉంది. మూడేళ్ళు నిండితే చాలు, చేర్చుకుంటారట. సంఘం గదిలో కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అవడం మొదలెట్టాయి. టీచరమ్మకి మోకాళ్ళ వాపు, కింద కూర్చుంటే లేవలేదు. ఈ ఏడాది అధ్యక్షుడు మందుల షాపాయన చీపురు పట్టుకుని ఊడుస్తూనే విషయం చెప్పాడు.

"మిషనక్కా, కొత్త బడివాళ్ళు మాట్లాడారు. మనం గది వాళ్ళకి ఇచ్చేస్తే మన పిల్లలందర్నీ ఏడాది మధ్యలోనే చేర్చుకుంటారట. నేనేం తేల్చట్లేదు. సంచి తీసుకురా, అంతే."

"గది వాళ్ళకెందుకు?"

"విరిగిన బల్లలూ కుర్చీలూ పెట్టుకోవడానికట."

మిషనమ్మ ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కించింది. అక్కడే, ఆ మిషను దగ్గరే ఒక నిశ్చయానికి వచ్చేసింది. సంచిలో ఏమున్నా సరే, వంటగదిలోంచి బయటికొచ్చి "కాలేదు" అంటుంది. ఎవరు చూడొచ్చారు? అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు, ఆ కట్టుబాటు పెట్టింది తనే. ఇన్నేళ్ళూ నిజం చెప్పినందుకు ఒక్క అబద్ధం తనకి బాకీ ఉందనుకుంది. తప్పని తెలుసు. తెలిసే అనుకుంది.

సమావేశం రోజున డబ్బా తీసి చూస్తే గుండీలు చాలవు. పిల్లలు వాటితో ఆడుకుని ఎక్కడెక్కడ పారేశారో! అందరికీ సరిపోగా ఒక జత తక్కువొచ్చింది. మిషనమ్మ తన కుట్టు పెట్టె అడుగున వెతికితే పాత గుండీలు దొరికాయి, ఒక నల్లది, ఒక తెల్లది. అదే కొలత, అదే నునుపు, కాకపోతే రెండు కన్నాలకి బదులు నాలుగు. రోజంతా గుండీలతో బతికేవాళ్ళకి తప్ప ఇంకొకరి కంటికి ఆనదు. ఆ జత ఎవరికిచ్చినా వాళ్ళ గుట్టు తనకి తెలిసిపోతుంది కదా అని ఒక క్షణం ఆగింది. సరే, పరాయివాళ్ళకెందుకు, సొంత కూతురికిస్తే పోలా అనుకుంది. దాని మనసు తనకి తెలియనిదా? అలా అనుకోబట్టే ఆ జత తీసుకెళ్ళి కూతురి చేతిలో పెట్టింది. కూతురు వాటిని చూడనైనా చూడకుండా పిడికిలి మూసింది.

అందరూ చిన్న కుర్చీల్లో ఒదిగి కూర్చున్నారు. గోడకి చేరబడి పెయింటరు ఉన్నాడు. భార్య పోయాక కొడుకుని ఒక్కడే పెంచుతున్నాడు, రెండు పూటలా పని చేసి వస్తాడు, ఏ సమావేశంలోనూ అతను పూర్తిగా మెలకువగా ఉన్నది లేదు. మందుల షాపాయన రెండు ముక్కల్లో సంగతి చెప్పి, గది ఇచ్చెయ్యాలంటే నల్లది, ఉంచాలంటే తెల్లది అని గుర్తుచేసి కూర్చున్నాడు. అప్పుడు మిషనమ్మ కూతురు లేచింది.

"నేను ఈ గదిలోనే పెరిగాను," అంది. "నా గడ్డం మీది మచ్చ మీ అందరికీ తెలుసు. ఇది మా అమ్మ కట్టిన గది. ఇందులో పాత బల్లలు పెట్టుకుంటారంటే వినడానికే నాకు బాధగా ఉంది. ఇంతకంటే చెప్పలేను."

మాట ముగించి కూర్చుంది. అందరూ తలలూపారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. నిజమే, నిజమే అన్నారు. మిషనమ్మకి గుండె తేలికైపోయింది. అబద్ధం ఆడే అవసరమే రాదేమో అనిపించింది. ఇంత సంబరం ఆమెకి ఈ మధ్య కలగలేదు. సంచి పట్టుకుని తిరుగుతుంటే టపటపా గుండీలు పడ్డాయి. పెయింటర్ని భుజం తట్టి లేపాల్సి వచ్చింది.

వంటగదిలో కిటికీ కింద అరుగు మీద సంచి బోర్లించింది. గలగలమంటూ పడినవన్నీ నల్లవే. ఒక్కటంటే ఒక్కటే తెల్లది. మిషనమ్మ కాసేపు వాటివంక అలాగే చూస్తూ ఉండిపోయింది. తలలూపినవాళ్ళు, కళ్ళు తుడుచుకున్నవాళ్ళు, అందరూ. పోనీ, ఒక్కరైనా నిలబడ్డారు కదా, నా కూతురు నిలబడింది కదా అనుకుంది. ఇంతమంది మాట ఒకటైతే తన మాట ఒకటి, చూద్దాం. "కాలేదు" అన్న మాట నాలుక కొస మీద సిద్ధంగా ఉంది. కూతురి గుండీని ఒక్కసారి ముట్టుకుందామనిపించి ఆ తెల్లదాన్ని చేతిలోకి తీసుకుంది. వేలికొసతో తడిమింది. రెండే కన్నాలు.

తర్వాత నల్లవాటిని వేళ్ళతో ఒక్కొక్కటే పక్కకి జరిపింది. వెతక్కూడదని తెలుసు, అయినా వేళ్ళు ఆగలేదు. నాలుగు కన్నాలది అడుగున ఉంది.

అరుగు పట్టుకుని నిలబడింది. ఎవరిని చూసుకుని అబద్ధం ఆడాలి ఇప్పుడు? ఆ గది ఎవరికోసం నిలబెట్టాలనుకుందో ఆ పిల్లే వద్దంది. వీధి మొత్తం నల్లవి వేసినా ఆమె అబద్ధం చెప్పేసి ఉండేది, దేవుడి ముందైనా నిలబడి చెప్పేది. ఈ ఒక్క గుండీ ఆమె నోరు కట్టేసింది. గుండీలన్నీ మళ్ళీ సంచిలో పోసి మూతి ముడేసింది. బయటికి వచ్చింది.

"అయింది," అంది.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. అయ్యో అలా ఎలా అయింది, ఎవరేశారు, మనుషులకి విశ్వాసం లేదు అన్నారు. ఒక్కొక్కరే వచ్చి మిషనమ్మ చెయ్యి పట్టుకుని, చెవిలో తనది తెల్లదేనని చెప్పి వెళ్ళారు. తెల్లది చూస్తే ఒక్కటి, వేశామన్నవాళ్ళు చూస్తే గదినిండా. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. మిషనమ్మ అందరికీ "సరేనమ్మా, సరేనయ్యా" అని తలూపింది. సంఖ్య చెప్పకూడదు కదా, చెప్పలేదు. చివరికి మిగిలింది పెయింటరు. పాపం, అతను మాత్రం చెవిలో చెప్పలేదు, మామూలుగానే చెప్పాడు.

"ఏమీ అనుకోకక్కా. కునుకు పట్టింది. నువ్వు తడితే ఏది చేతికొస్తే అది వేసేశాను. తెల్లదో నల్లదో కూడా చూడలేదు."

మిషనమ్మకి నవ్వొచ్చింది. తనకి మిగిలిన ఒకే ఒక్క తోడు నిద్రలో వేసిన గుండీ అని అర్థమై, నవ్వుతూనే కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చింది.

మనవరాల్ని మధ్యలో నడిపించుకుంటూ తల్లీ కూతుళ్ళు ఇంటికి బయల్దేరారు. సంచి వంటగదిలోనే ఉండిపోయింది. ఇక అందులో ఏ గుండీలు వెయ్యాలి కనక! డబ్బా మాత్రం మిషనమ్మ చంకలో ఉంది. రేకు డబ్బా, సూదులు పెట్టుకోవడానికి పనికొస్తుంది. వీధి మలుపు తిరిగాక కూతురు అంది:

"నేనైతే తెల్లదే వేశానమ్మా."

"ఊఁ," అంది మిషనమ్మ.

"ఎవరెలా పోయినా నేను అలా చెయ్యను కదా."

"ఊఁ. నడు, పిల్లకి ఎండగా ఉంది."

కోపం వస్తుందేమోనని చూసింది మిషనమ్మ. రాలేదు. కోపానికి ఏదో ఒక మూల ఆశ ఉండాలి. కూతురికి ఆ వ్యానూ ఆ బడీ కావాలని ఎన్నాళ్ళ నుంచి ఉందో! అడిగి ఉంటే? అడిగి ఉంటే తాను గోలగోల చేసేది, తిండి మానేసేది, గడ్డం మీది మచ్చ చూపించి పీక్కుతినేది. అది కూతురికి తెలుసు. ముఖం మీద చెప్పలేనివాళ్ళ కోసమే కదా తాను ఆ సంచి కుట్టింది. కాంట్రాక్టరుకి భయపడినట్టు తన కూతురు తనకి భయపడిందన్న సంగతి మిషనమ్మకి అప్పుడు తట్టింది. మిగతా దారంతా పిల్ల చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిచింది.

ఆ వారంలోనే గది తాళం చేతులు మారింది. టీచరమ్మ తమ్ముడింటికి వెళ్ళిపోయింది. విరిగిన బల్లలు లోపలికి చేరవేసి తలుపు మూశారు. ఆ తలుపు ఇప్పుడు ఎప్పుడూ మూసే ఉంటుంది, 'సంఘం' రోజంతా కనబడుతూనే ఉంటుంది.

కూతురు ఒక మధ్యాహ్నం కొత్త యూనిఫారం తెచ్చి మిషను మీద పెట్టింది.

"పైనుంచి రెండో గుండీ ఊడిపోయిందమ్మా. రేపే వేసుకెళ్ళాలి. కాస్త కుట్టిపెట్టు."

మిషనమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. యూనిఫారానికి ఉన్నవన్నీ నాలుగు కన్నాల తెల్ల గుండీలు. తన పెట్టెలో అలాంటివి లేవు. రేకు డబ్బా మూత తీసింది. అందులో ఉన్నవన్నీ ఆ రోజు సంచిలో పడగా మిగిలినవే, దాదాపు అన్నీ తెల్లవే. వేలితో కెలికి సరిపోయేదాన్ని తీసింది. ఎవరినీ సాధించాలని తియ్యలేదు. కొలత కుదిరింది, రంగు కుదిరింది, కన్నాలు కుదిరాయి, అంతే. అడ్డంగా రెండు, నిలువుగా రెండు కుట్లు వేసి, దారం పళ్ళతో కొరికి, బట్ట కూతురికిచ్చింది.

కూతురు వేలితో ఆ గుండీని తడిమి చూసింది.

"అచ్చం అలాంటిదే దొరికిందే. ఎక్కడిదమ్మా?"

"డబ్బాలోది. ఆ రోజు నీకిచ్చిన జతలోదే. గుండీలు చాలక నా పెట్టెలోంచి తీసిచ్చాను, నాలుగు కన్నాలవి."

మాట పూర్తయ్యాక గానీ తానేమందో మిషనమ్మకి తెలియలేదు. కూతురు తెల్ల గుండీ మీంచి వేలు తియ్యలేదు. అది సంచిలోకి వెళ్ళి ఉండాల్సింది, డబ్బాలో దొరికింది. గడ్డం మీది మచ్చ ఎర్రబడింది, చిన్నప్పుడు ఏడవబోయే ముందు ఎర్రబడినట్టే. మిషనమ్మ ఏదైనా అనాలని, ఏమీ లేదులే అనాలని నోరు తెరిచింది.

"బాగా కుదిరిందమ్మా," అంది కూతురు. యూనిఫారం మడిచి, పిల్లని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మిషనమ్మ డబ్బాకి మూత పెట్టింది. పక్కింటివాళ్ళ ప్యాంటు జిప్పు మార్చాల్సి ఉంది, దాన్ని ముందుకి లాక్కుంది.